ఇంకొక్కసారి చూసి ఇస్తాను

సృజనాత్మకమైన పని మధ్యలో ఆగిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. తీరిక ఉండదు, డబ్బు ఉండదు, ఒంట్లో బాగుండదు, ఇంటి బాధ్యతలు మీద పడతాయి. ఇవేవీ అడ్డు రాకపోయినా, చేతిలో సత్తా ఉన్నా, ముప్పాతిక వంతు అయిపోయిన పని సొరుగు దాటి రాకపోవడం వేరే సంగతి. కథ రాసినవాడు ‘ఇంకొక్కసారి చూసి ఇస్తాను’ అంటాడు, నెల తరవాత అడిగినా అదే మాట. బొమ్మ వేసినామె కింద సంతకం పెట్టదు. పాట కట్టినవాడు పన్నెండో రికార్డింగు కూడా చెరిపేస్తాడు. ఈ స్థితిని మనస్తత్వశాస్త్రం పర్‌ఫెక్షనిజం అంటుంది, తెలుగులో పరిపూర్ణతావాదం అని రాస్తున్నారు. సినిమావాళ్ళు మరీ సూటిగా ‘చెక్కుతున్నాడు’ అంటారు. దర్శకుడు రాజమౌళికి ‘జక్కన్న’ అన్న ముద్దుపేరు అలా వచ్చిందే.

లోకంలో ఈ గుణానికి మంచి పేరే ఉంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో మీ బలహీనత ఏమిటని అడిగితే ‘పర్‌ఫెక్షనిజం’ అని చెప్పి గట్టెక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పరిశోధకులు మాత్రం ఈ మాట కింద రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయని చాలాకాలంగా చెబుతున్నారు. 1978లో డాన్ హామచెక్ దీన్ని మామూలు పర్‌ఫెక్షనిజం, మనిషిని పీడించే పర్‌ఫెక్షనిజం అని విడదీశాడు. మొదటి రకం మనిషికి పని బాగా కుదిరితే సంతోషం కలుగుతుంది. రెండో రకం మనిషికి ఎంత కుదిరినా తృప్తి ఉండదు. 1990లో రాండీ ఫ్రాస్ట్ బృందం దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేసింది. తప్పుల గురించిన బెంగ, తాను చేసినదాని మీద తనకే అనుమానం, తల్లిదండ్రుల ఆశలు, వాళ్ళ విమర్శలు ఇవన్నీ అందులో వేరు వేరు అంశాలు. మరుసటి ఏడు పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ ఇంకో వర్గీకరణ చేశారు: మనిషి తన మీద తాను పెట్టుకునేది, ఎదుటివాళ్ళ మీద రుద్దేది, లోకం తన దగ్గర ఆశిస్తోందని అనుకునేది. తెలుగిళ్ళలో ఈ మూడోదానికి కొత్త పరిభాష అక్కర్లేదు. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న ఒక్క ప్రశ్నలో అదంతా ఉంది.

ఆ మూడో రకమే ఇప్పుడు ఎక్కువగా పెరుగుతోంది. థామస్ కరన్, ఆండ్రూ హిల్ కలిసి 1989 నుంచి 2016 దాకా అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 41,641 మంది కాలేజీ విద్యార్థులు పూరించిన ప్రశ్నావళుల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. మూడు రకాలూ పెరిగాయి, అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది లోకం ఆశిస్తోందన్న భావన. ఈ లెక్క మన విద్యార్థులది కాదు. అయినా ర్యాంకుల ఫ్లెక్సీల మధ్య పెరిగిన పిల్లలకు ఈ భావన కొత్త అనుకోవడానికి ఆస్కారం తక్కువ.

పని ఆగిపోవడానికీ ఈ గుణానికీ ఉన్న సంబంధం గురించి 2017లో ఫ్యూషియా సిరోయ్ బృందం అంతకుముందు జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి చూసింది. తప్పు జరుగుతుందేమోనన్న బెంగ ఎక్కువ ఉన్నవాళ్ళలో వాయిదా వేసే అలవాటు కూడా ఎక్కువ. ప్రమాణాలు ఎత్తులో పెట్టుకుని వాటికోసం శ్రమపడేవాళ్ళలో ఆ అలవాటు తక్కువ. ఈ విషయంలో దీనికన్నా పనికొచ్చే ఫలితం మరొకటి లేదు. ‘అంత పట్టింపు ఎందుకు, ఏదో ఒకటి రాసి పారేయ్’ అని స్నేహితులు ఇచ్చే సలహా ఎందుకు పనిచేయదో ఇది చెబుతుంది. ప్రమాణం దించమంటే మంచి పనివాడికి కోపం వస్తుంది, రావాలి కూడా. మార్చాల్సింది తప్పుతో అతనికున్న సంబంధం, పనికి అతను గీసుకునే హద్దు.

2002లో రోజ్ షఫ్రాన్, జాఫ్రా కూపర్, క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ఈ గుణం తనను తాను ఎలా పోషించుకుంటుందో వివరించారు. మనిషి తన విలువంతా పని మీద పెట్టేస్తాడు. గురి తప్పితే ‘నేను పనికిరాను’ అనుకుంటాడు. గురి తగిలితే ‘ఇది తేలికైనది కాబట్టి తగిలింది’ అని గురిని ఇంకాస్త దూరం జరుపుతాడు. ఎటు తిరిగినా గెలుపు ఖాతాలో పడదు. దీని నుంచి తప్పించుకోవడానికి అతనికి దొరికే దారులు రెండే. ఒకటి అదే పనిగా సరిచూసుకోవడం, రెండోది అసలు ముట్టుకోకపోవడం. బయటివాళ్ళకు మొదటిది దీక్షలా, రెండోది బద్ధకంలా కనిపిస్తుంది. లోపల రెండూ ఒకటే.

ఈ ఆలోచనను శిల్పి జక్కన కథకన్నా గట్టిగా చూపే కథ లేదు. బేలూరు చెన్నకేశవాలయంలో తాను చెక్కిన విగ్రహంలో లోపం చూపిస్తే కుడిచేయి నరుక్కుంటానని శిల్పి పంతం పట్టాడట. ఎవరో కుర్రవాడు వచ్చి విగ్రహానికి గంధం పూయించాడు. బొడ్డు దగ్గర తప్ప అంతటా గంధం ఆరింది. అక్కడ పగలగొడితే కాసిని నీళ్ళు, ఇసుక, ఒక కప్ప బయటపడ్డాయి. జక్కన చేయి నరుక్కున్నాడు. ఆ కుర్రవాడు ఆయన కొడుకేనని తరవాత తెలిసింది. ఇది జనశ్రుతే తప్ప చరిత్ర కాదు. కథ చెప్పేవాళ్ళు శిల్పి మాట నిలబెట్టుకున్నందుకు మెచ్చుకుంటారు. ఒక్క మచ్చకు ఒక చేయి అన్న లెక్కను మాత్రం ఎవరూ ప్రశ్నించరు. కప్ప పేరుతోనే కప్పె చెన్నిగరాయడు అని పిలిచే ఆ విగ్రహం బేలూరులో నేటికీ ఉంది.

కళాచరిత్రలో పూర్తికాని పనులకు కొదవ లేదు. లియొనార్డో డావిన్చీ 1503 ప్రాంతంలో మొదలుపెట్టిన మోనాలిసాను అడిగినవాళ్ళకు ఇవ్వకుండా 1519లో చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. కాఫ్కా తన రాతలన్నీ తగలబెట్టమని స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌కు చెప్పి 1924లో కన్నుమూశాడు. బ్రాడ్ ఆ మాట వినలేదు కాబట్టి లోకానికి కాఫ్కా దక్కాడు. యానిమేషన్ చిత్రకారుడు రిచర్డ్ విలియమ్స్ 1964 ప్రాంతంలో మొదలుపెట్టిన ‘ది థీఫ్ అండ్ ద కాబ్లర్’ని దాదాపు మూడు దశాబ్దాలు గీస్తూనే ఉన్నాడు. చివరికి 1992లో సినిమా పూర్తవుతుందని పూచీపడ్డ సంస్థ దాన్ని అతని చేతిలోంచి లాగేసుకుని, వేరేవాళ్ళతో ముగించింది. గడువు మనం పెట్టుకోకపోతే ఇంకెవరో పెడతారు, వాళ్ళు పెట్టే గడువు మనకు నచ్చేలా ఉండదు.

మొదటి కూర్పు, రెండో కూర్పు

తెలుగులో ఈ ప్రశ్నకు దొరికే అన్నిటికన్నా మంచి జవాబు గురజాడ అప్పారావు చేతిలో ఉంది. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది. 1897లో పుస్తకంగా వచ్చింది. అది అయిదంకాల నాటకం. దాన్ని ఆయన చిత్తుప్రతిగా దాచుకోలేదు. నటులు ఆడారు, జనం చూశారు, చదివినవాళ్ళు చదివారు. ఆ తరవాత పన్నెండేళ్ళకు, 1909లో, ఏడంకాలుగా పెరిగి, చాలామట్టుకు కొత్త నాటకమై రెండో కూర్పు వచ్చింది. మొదటి కూర్పులో పక్కన నిలబడ్డ మధురవాణి రెండోదానిలో నాటకాన్ని నడిపించే మనిషి అయింది. ఇవాళ రంగస్థలం మీద ఆడేదీ, తరగతి గదిలో చదివేదీ ఈ రెండో కూర్పునే.

ఇక్కడ వరస గమనించాలి. మొదట ప్రదర్శన, తరవాత అచ్చు, ఆ తరవాత తిరగరాత. పర్‌ఫెక్షనిస్టు ఈ వరసను తలకిందులు చేస్తాడు. తిరగరాతలన్నీ చూసేవాళ్ళు లేని గదిలో ముగించి, ఆపైన బయటికి రావాలనుకుంటాడు. 1909 నాటి నాటకాన్ని 1892లోనే రాయాలని గురజాడ కూర్చుని ఉంటే రెండూ ఉండేవి కావేమో. ‘పరిష్కృత ముద్రణ’, ‘సవరించిన కూర్పు’ అన్న మాటలు తెలుగు పుస్తకాల లోపలి పేజీల్లో ఎందుకుంటాయో రాసేవాళ్ళు తరచు మరిచిపోతారు.

పాత తెలుగు పుస్తకాల్లో ఇంకో మంచి ఆచారం ఉండేది, తప్పొప్పుల పట్టిక. పేజీ, పంక్తి, తప్పు, ఒప్పు అని నిలువు గళ్ళు గీసి, పుస్తకంతోపాటే దాని పొరపాట్లను అచ్చువేసి పాఠకుడి చేతిలో పెట్టేవారు. అచ్చుతప్పులను ముద్రారాక్షసాలనడం కూడా అలాంటిదే. విశాఖదత్తుడి నాటకం పేరును ప్రెస్సు మీదికి తోసి, తప్పును నవ్వులోకి దించేశారు. తప్పును దాచకుండా లెక్కచెప్పి ముందుకు సాగే ఈ పద్ధతిని ఇవాళ మానసిక చికిత్సకులు డబ్బు తీసుకుని నేర్పిస్తున్నారు.

గడువుకు తలవంచితే ఏమవుతుందో విశ్వనాథ సత్యనారాయణ చూపించారు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెట్టింది. ఆయన ‘వేయిపడగలు’ను 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ తమ్ముడి చేత రాయించారని ప్రసిద్ధి. వేయి పేజీల ఆ నవల అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో బహుమతి పంచుకుంది. అదే విశ్వనాథ ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షం’ మీద దాదాపు మూడు దశాబ్దాలు పనిచేశారు. ఒకే మనిషి ఒకదాన్ని నెలలోపే, ఇంకోదాన్ని దశాబ్దాలు పెట్టి ముగించాడు. కాబట్టి వేగం గొప్పదా, నిదానం గొప్పదా అన్న వాదం ఇక్కడ నిలవదు. రెండూ ముగిశాయి, అదీ విషయం.

విశ్వనాథకు ఆ ఆశుధార ఎక్కడ అబ్బిందో వెతకడం కష్టం కాదు. ఆయన గురువు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తిరుపతి వేంకట కవుల్లో ఒకరు, అవధాని. అష్టావధానాన్ని ఈ ప్రశ్న దృష్టితో చూస్తే వింతగా ఉంటుంది. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు మాటలిచ్చి దత్తపదిగా పూరించమంటారు. నిషిద్ధాక్షరి అడిగినాయన అవధాని నోట ఒక్కో అక్షరం రాగానే తరవాతి అక్షరం ఏది రాకూడదో చెబుతూ దారి మూస్తుంటాడు. అప్రస్తుత ప్రసంగీకుడు మధ్యలో ‘మీ ఊళ్ళో వంకాయలు ఎలా ఉన్నాయండీ’ లాంటి ప్రశ్న వేసి ఏకాగ్రత చెడగొడతాడు. అవధాని ఒక్కొక్కరికీ ఒక్క పాదం మాత్రమే చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్ళాలి. నాలుగో ఆవృతి ముగిసేసరికి పద్యాలన్నీ పూర్తవుతాయి, చివర ధారణలో అన్నిటినీ తిరిగి అప్పజెప్పాలి. మొదటి ఆవృతిలో సభకు వినిపించిన పాదాన్ని మూడో ఆవృతిలో మార్చడానికి వీల్లేదు. నచ్చినా నచ్చకపోయినా దాని మీదే తరవాతి పాదం కట్టాలి. అవధాన పద్యాలన్నీ గొప్ప కవిత్వం కావు, అవధానులూ అలా చెప్పుకోరు. తిరుపతి వేంకట కవులు జనం నాలుక మీద నిలిచింది పాండవ నాటకాల పద్యాలతో. కానీ చేయి తిరగడం, ముగింపుకు అలవాటుపడడం అవధానవేదిక మీదే జరిగింది.

గీత ఎప్పుడు చెరగకూడదు

చిత్తుకూ సాఫుకూ మధ్య గోడ కట్టడం అన్ని పద్ధతులకూ మూలం. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు ఈ గోడను గుడ్డ మీదే చూపిస్తారు. కరక్కాయ, పాలలో తడిపి ఆరవేసిన గుడ్డ మీద ముందు కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీస్తారు. అది దులిపితే పోతుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తరవాత వెదురు కలం పట్టుకుంటారు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టిన ద్రవంలో ముంచి గీస్తే గీత నల్లగా తేలుతుంది, ఇక చెరగదు. బొగ్గు దశలో వెనకాడరు, కలం దశలో వెనక్కి వెళ్ళరు. కంప్యూటరు మీద రాసేవాళ్ళకు ఈ రెండు దశలూ ఒకే తెర మీద కలిసిపోయాయి. మొదటి వాక్యం ముగియకముందే వేలు చెరిపే మీట మీదికి పోతుంది. అందుకే కొందరు మొదటి ప్రతిని ఇప్పటికీ కాగితం మీదే రాస్తారు.

గడువు పెద్ద మందు. తెలుగు నవలకు పాఠకులను తెచ్చిపెట్టిన వారపత్రికల సీరియల్ వ్యవస్థ నడిచింది గడువు మీదే. వచ్చే వారం భాగం ప్రెస్సుకు వెళ్ళాలి, గత వారం రాసింది మార్చడానికి లేదు, ఎందుకంటే అది అప్పటికే వేలమంది ఇళ్ళలో ఉంది. సీరియల్ కోసం సాగదీసిన నవలలు ఎన్నో ఉన్నాయి, ఆ లోపం ఒప్పుకోవాలి. సొరుగులో మిగిలిపోయిన సీరియల్ మాత్రం లేదు. అమెరికాలో 1999లో ఇరవైమంది చిల్లరతో మొదలైన నానోరైమో అనే నవలా మాసం ఈ పద్ధతినే నవంబరు నెలకు కుదించింది, 30 రోజుల్లో 50,000 మాటలు. ఆ సంస్థ 2025లో మూతపడింది, పద్ధతి మాత్రం రాసేవాళ్ళలో మిగిలింది.

రాబర్ట్ బాయిస్ 1983లో ప్రచురించిన ప్రయోగంలో రాయలేకపోతున్న అధ్యాపకులను మూడు జట్లుగా విడదీశాడు. ఒక జట్టు అత్యవసరమైతే తప్ప రాయకూడదు. ఇంకో జట్టు మనసైనప్పుడు రాయవచ్చు. మూడో జట్టు రోజూ రాయాల్సిందే, రాయకపోతే తమకు గిట్టని సంస్థకు తాము ముందే రాసిచ్చిన చెక్కు వెళ్ళిపోతుంది. మూడో జట్టు ఎక్కువ పేజీలు రాయడంలో ఆశ్చర్యం లేదు. కొత్త ఊహలు కూడా వాళ్ళకే ఎక్కువ తట్టాయి. చిన్న ప్రయోగమే అయినా, ‘మూడ్ రావాలి’ అన్న వాదానికి ఇది గట్టి దెబ్బ.

ఎక్కువగా ముగించేవాడికే మంచివి ఎక్కువగా కుదురుతాయని డీన్ సైమంటన్ శాస్త్రవేత్తల, కళాకారుల జీవితాలను లెక్కగట్టి వాదించాడు. ఈ వాదానికి తోడుగా ఎక్కడపడితే అక్కడ వినిపించే కుండల కథ ఒకటుంది. బరువును బట్టి మార్కులు పొందిన జట్టే మంచి కుండలు చేసిందనీ, ఒక్క గొప్ప కుండ కోసం ఆలోచిస్తూ కూర్చున్న జట్టు వెనకబడిందనీ చెబుతారు. 1993 నాటి ‘ఆర్ట్ అండ్ ఫియర్’ పుస్తకంతో ప్రచారమైన ఆ కథకు అసలు మూలం కుమ్మరి తరగతి కాదు, ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జెర్రీ యూల్స్‌మన్ ఫొటోగ్రఫీ తరగతి. అది ఒక ఉపాధ్యాయుడి అనుభవం. దాన్ని ప్రయోగ ఫలితంగా చూపించడం సరికాదు.

హద్దు గీయడం మూడోది. కొమర్రాజు లక్ష్మణరావు సంపాదకత్వంలో మొదలైన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ మూడు సంపుటాలు వెలువడ్డాయి. మూడూ ‘అ’తో మొదలయ్యే మాటలతోనే నిండిపోయాయి. 1923లో ఆయన పోయారు, పని ఆగింది. దాన్ని భయమనడం అన్యాయం. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి వరసగా పుస్తకాలు ప్రచురించిన మనిషికి బయటపెట్టడమంటే భయం ఉంటుందా? అక్కడ లోపించింది పరిమాణం మీద అదుపు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా తిరగేసిన పద్ధతిలో నడుస్తోంది. రెండు మూడు వాక్యాలే ఉన్న వ్యాసాన్ని అక్కడ ‘మొలక’ అంటారు. మొలకగానే లోకానికి కనిపిస్తుంది, తరవాత ఎవరో నీళ్ళు పోస్తారు. ఏళ్ళ తరబడి మొలకలుగానే ఎండిపోయేవీ ఉన్నాయి. ఆ సముదాయం మంచి పనివాళ్ళకు ఇచ్చే పురస్కారానికి పెట్టుకున్నది కొమర్రాజు పేరే.

చికిత్సకులు వాడే పద్ధతి వేరు. అందులో భయాన్ని ముందుగా కాగితం మీద పెట్టిస్తారు. ఉదాహరణకు ఒక కవి నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీస్తాడు. మొదటి గడిలో ‘గంటలో ముగించిన కవితను ఇద్దరు స్నేహితులకు పంపడం’. రెండో గడిలో ‘నవ్వుతారు, నూటికి ఎనభై పాళ్ళు’ అని తన అంచనా. పంపిన తరవాత జరిగింది మూడో గడిలో రాయాలి. ఒకరు బాగుందన్నారు, ఇంకొకరు మూడు రోజులు తెరవనే లేదు. ఆ మూడో గడి చేసే మేలు ఇంకెన్ని ధైర్యవచనాలూ చేయవు. మనం భయపడినంత శ్రద్ధగా మన పనిని లోకం చూడదన్నది కాస్త బాధే అయినా చాలా తెరిపి.

బయటపెట్టడంలోనూ మెట్లుంటాయి. నేరుగా ఫేస్‌బుక్ మీద పెట్టి లైకులు లెక్కపెట్టుకునేవాడు ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న జబ్బుకు మేత వేస్తున్నాడు. ఒక్క పాఠకుడితో మొదలుపెట్టి, తరవాత నెలకోసారి కలిసే సాహిత్య సమావేశానికో, సంపాదకుడికో చూపడం మేలు. అడిగే ప్రశ్న కూడా ముఖ్యం. ‘ఎలా ఉంది’ అంటే మర్యాదే జవాబుగా వస్తుంది. ‘ఎక్కడ చదవడం ఆపాలనిపించింది’ అంటే పనికొచ్చే జవాబు వస్తుంది.

ఈ పద్ధతులకు పరిమితులున్నాయి. పరిశోధనలో ఎక్కువ భాగం కాలేజీ విద్యార్థుల ప్రశ్నావళులే. రచయితలనూ చిత్రకారులనూ వాళ్ళ పనిచోటే ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలు కొద్ది. నిఘంటువుకూ, మందు చీటీకీ, వంతెన నక్షాకూ ‘తరవాత సవరిద్దాం’ అన్న సూత్రం వర్తించదు. నిద్ర పట్టక, తిండి సహించక, చేసిందే పదిసార్లు చేస్తూ మనిషి కుంగిపోతుంటే అది సృజన సమస్య కాదు. వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి, కనీసం ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కైనా ఫోను చేయాలి. ఇక కొన్ని పనులను ఆపేయడమే సబబు. ఆసక్తి చచ్చిపోయిన నవలను పట్టుకుని వేలాడడం కూడా ఒక రకం చెక్కుడే.

ముగించడం అలవాటున్నవాళ్ళకు కూడా ప్రతి పనీ ముగియదు. ‘కన్యాశుల్కం’ను ఆడించి, అచ్చువేసి, మళ్ళీ రాసి అచ్చువేసిన గురజాడ 1915 నవంబరు 30న కన్నుమూసేనాటికి ఆయన మరో రెండు నాటకాలు, ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’, అసంపూర్తిగానే ఉన్నాయి.